ఇజాజత్

పాతబస్తీలో అనుమతిని ఎవరూ అనుమతి అనరు. ఇజాజత్ అంటారు. ముస్లింలూ అంటారు, మేమూ అంటాం. మాదిగ ఇంట్లో పుట్టినవాడికి ఈ మాట బడి కంటే ముందే వస్తుంది. ఇజాజత్ లేకుంట గడప తొక్కకు. ఇజాజత్ లేకుంట నల్లా తిప్పకు. ఇజాజత్ తీస్కొని మాట్లాడు. చిన్నప్పుడు నాకు చెప్పిన బుద్ధులన్నీ ఇవే. అడిగేవాళ్లం ఎప్పుడూ మేమే. ఇచ్చేవాడూ, ఇయ్యనివాడూ ఎప్పుడూ ఎదుటివాడే.

అట్లాంటి మమ్మల్ని ఇప్పుడు కంప్యూటర్ ఇజాజత్ అడుగుతున్నది. కెమెరా వాడుకోనా? మైకు వాడుకోనా? నువ్వెక్కడున్నవో చూడనా? నీకు కబుర్లు పంపనా? ఈ ప్రోగ్రాం నీ మిషన్‌ల మార్పులు చేస్తనంటున్నది, చెయ్యనియ్యాల్నా? తెర మీద చిన్న డబ్బా లేస్తుంది. రెండు బటన్లుంటాయి. ఒకటి ఔను, ఒకటి కాదు. తరతరాలుగా 'కాదు' అనే హక్కే లేని జాతి పిల్లలు ఆ రెండు బటన్ల ముందు కూర్చొని నన్ను పిలుస్తారు. "అన్నా, ఏది నొక్కాలె?"

నేను గౌలిపుర దగ్గర ఒక గల్లీలో నెట్ సెంటర్ నడుపుతాను. నాలుగు డెస్క్‌టాపులు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను. అంతే నా ఆస్తి. స్కాలర్‌షిప్ ఫారాలకు, హాల్ టికెట్లకు, ఆన్‌లైన్ పరీక్షలకు, ఇంటర్వ్యూలకు పిల్లలు వస్తారు. పింఛనుకు, రేషన్ కార్డుకు పెద్దోళ్లు వస్తారు. ఈ పని చేయబట్టి నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. మిషన్‌లో ఇజాజత్ ఎక్కడ అడ్డం పడిందో వెతకడానికీ, మనుషుల్లో అది ఎక్కడ అడ్డం పడిందో వెతకడానికీ దారి ఒక్కటే. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు నిశాని గురించి చెప్పాలి.

మా తాతది పాలమూరు జిల్లా. సచ్చిన పశువును ఎత్తినందుకు, మోటకు తొండాలు కుట్టిచ్చినందుకు, డప్పు కొట్టినందుకు మా వాడకు ఇనాం భూమి ఉండె. అందుల తాత వంతు ఎకరంనర. ఒక ఏడు కరువొచ్చింది. తాత దొర కాడ రెండు బస్తాల జొన్నలు తెచ్చుకున్నడు. గుమాస్తా కాయితం ముందల పెట్టి "నిశాని ఎయ్‌రా" అన్నడు. ఏసిండు. ఆ కాయితంల ఏమున్నదో చదివి చెప్పినోడు లేడు. చదవమని అడిగే నోరు తాతకు లేదు. జొన్నలు ఒడిసినయి. ఎనకనే భూమీ ఒడిసింది. నాయిన చేతులూపుకుంట పట్నమొచ్చి పాతబస్తీల సఫాయి పనిల చేరిండు. ఆయన గూడ జీతం కాయితం మీద, అప్పు కాయితం మీద నిశానీలే ఏసిండు. నల్ల ఇంకు అంటిన బొటనవేలే ఆయన సంతకం.

నేను చదువుకున్నా. సంతకం చేస్తా. మా బస్తీలో పిల్లలందరూ సంతకం చేస్తారు. నిశాని కాలం పోయిందనుకున్నాం. పోలేదు. చదవకుండ నొక్కిన 'అలవ్' నిశానీ కాక మరేంది?

మొన్నమొన్ననే ఒక సంగతి. మూడో నంబరు సిస్టం మీద ఏ పిల్లగాడో సినిమా పాటల కోసం ఏదో సైటు తెరిచిండు. "నువ్వు రోబోవు కాదని రుజువు చేస్కో, అలవ్ నొక్కు" అని అక్కడ రాసి ఉంది. నొక్కిండు. ఆ డబ్బా రోబో సంగతి అడగలేదు. నోటిఫికేషన్లు పంపుకోవడానికి ఇజాజత్ అడిగింది. తెల్లారి నుంచి తెర మూలన ఒకటే పోరు. నీ కంప్యూటర్‌కు వైరస్ సోకిందని ఒకటి, నీకు బహుమతి తగిలిందని ఒకటి. నిజంగ వైరస్సే అనుకొని ఒక పెద్దమనిషి అందులో చూపిన నంబరుకు ఫోను చేయబోతే నేనే ఆపిన. అక్కడ వైరస్ లేదు, గియిరస్ లేదు. ఉన్నది ఒక నిశాని. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి పోయి, సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి, అలవ్ కింద ఉన్న ఆ సైటు పేరు తీసేస్తే పోరు బందయింది. రెండు నిమిషాల పని. తాత నిశానిని తీసెయ్యనీకి మాత్రం నాయిన బతుకంత సాల్లేదు.

దీన్ని బట్టి రెండు మాటలు. ఒకటి, డబ్బా అడిగేది ఒకటి, చుట్టూ రాసేది ఇంకొకటి కావొచ్చు. డబ్బాలో ఉన్నదే చదవాలి. రెండు, ఇచ్చిన ఇజాజత్‌ను వెనక్కి తీసుకోవచ్చు. ఇది మా పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఇక అడ్డం పడ్డ ఇజాజత్ సంగతి.

మా బస్తీ చెల్లె ఒకామె డిగ్రీ ఆఖరు సంవత్సరం. వాళ్లమ్మ రోడ్లు ఊడుస్తుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఈమే. ఒక సంస్థ పీజీ సీట్లకు ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. పరీక్ష రాస్తున్నంత సేపు కెమెరా మనిషిని చూస్తుండాలి. పది గంటలకు పరీక్ష. ఒక్క నిమిషం దాటినా లోపలికి రానియ్యరు. తొమ్మిదిన్నరకు వచ్చి కూర్చుంది. తెర మీద "కెమెరా బ్లాక్ అయింది" అని వస్తున్నది. ఇజాజత్ అడిగే డబ్బానే లేవట్లేదు. ఆమె చేతులు వణుకుతున్నయి. "నన్ను అడగనే లేదన్నా. అడగకుండనే కాదన్నది" అంది.

నిజమే. ఆమెను అడగలేదు. ఆమె కంటే ముందు అదే కుర్చీలో కూర్చున్న ఎవరినో అడిగింది. వాడు భయపడి 'బ్లాక్' నొక్కిండు. ఒక సైటుకు ఒకసారి బ్లాక్ అని చెప్తే బ్రౌజర్ దాన్ని రాసి పెట్టుకుంటుంది. మళ్లీ అడగదు. తాత మీద పడ్డ ముద్ర మనవడి మీద కూడ ఉన్నట్టు, పోయినోడి మాట వచ్చినోళ్లకు తగులుతుంది. అడ్రస్ రాసే గీతకు ఎడమ పక్కన చిన్న గుర్తు ఉంటుంది. కొన్నింట్లో తాళంకప్ప బొమ్మ, కొన్నింట్లో రెండు గీతలు. అది నొక్కితే ఆ సైటుకు ఏమేమి ఇచ్చినమో, ఏమేమి ఇయ్యలేదో కనబడుతుంది. కెమెరాను అలవ్‌కు మార్చి పేజీని మళ్లీ తెరిచినం.

అయినా బొమ్మ రాలేదు. ఇప్పుడు అడ్డం బ్రౌజర్‌ది కాదు, విండోస్‌ది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో కెమెరా. అక్కడ ఒకదాని కింద ఒకటి స్విచ్చులుంటాయి. మొదటిది మొత్తం మిషన్‌కు. రెండోది ఆ అకౌంటులో వాడే యాప్‌లకు. అన్నిటికంటే కింద ఇంకొకటి, డెస్క్‌టాప్ యాప్‌లకు. బ్రౌజర్లలో చాలామట్టుకు ఈ ఆఖరి దాని కిందికే వస్తాయి. పైవి రెండూ ఆన్‌లో ఉన్నయి. చివరిది ఆఫ్. చాలామంది పైన ఆన్ చూసి తృప్తిపడి వెనక్కి వస్తారు. ఆఖరి స్విచ్చు దాక పోరు. దాన్ని ఆన్ చేసి బ్రౌజర్‌ను మూసి తెరిచినం.

అయినా రాలేదు. తొమ్మిది యాభై అయింది. కెమెరా మీద చిన్న దీపం అప్పటికే వెలుగుతున్నది. అంటే కెమెరాను ఇంకెవరో పట్టుకున్నరు. కింద పట్టీలో మీటింగ్ ప్రోగ్రాం ఒకటి సప్పుడు చెయ్యకుండ కూర్చున్నది. రాత్రి ఎవరో ఇంటర్వ్యూ కోసం తెరిచి మూయలేదు. కెమెరా ఒకరి చేతిలో ఉంటే ఇంకొకరికి చాలాసార్లు అందదు. దాన్ని బంద్ చేస్తే చెల్లె మొఖం తెర మీద కనబడ్డది. ఇంకా ఆరు నిమిషాలుంది.

బ్రౌజర్, విండోస్, కెమెరా. మూడు తలుపులు. ఒకటి తెరిచి ఉంటే చాలదు. మూడూ తెరిచి ఉండాలి. "ఇజాజత్ ఉన్నది గదా, మరెందుకు పోతలేవు?" అని మనల్ని అడిగేవాళ్లు ఒక తలుపు మాత్రమే చూసి మాట్లాడతారు.

ఇది చరిత్రలో మనకు కొత్త కాదు. 1923లో బొంబాయి శాసనమండలి బోలే తెచ్చిన తీర్మానాన్ని ఒప్పుకుంది. ప్రజల సొమ్ముతో కట్టిన బావులు, చెరువులు, బడులు అంటరానివాళ్లకు తెరవాలంది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చౌదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. పై స్విచ్చు ఆన్. దాని కింది స్విచ్చూ ఆన్. అయినా మూడేండ్లు మనవాళ్లెవరూ అక్కడ దోసెడు నీళ్లు తాగలేకపోయారు. ఆఖరి స్విచ్చు ఊరి మనుషుల చేతుల్లో ఉండె. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగాడు. మనవాళ్లను కొట్టారు. చెరువును శుద్ధి చేసుకున్నారు. ఆ ఆగస్టులోనే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. హైకోర్టులో మనకు అనుకూలంగా తేలేసరికి 1937 వచ్చింది. పైన చట్టం ఉంది గదా అని చెప్పేవాళ్లకు మహాడ్ చూపించాలి. ఎక్కడ ఆగిందో ఆఖరి దాక పోయి చూడడమే బాబాసాహెబ్ చేసిన పని.

డబ్బాల్లో ఇంకో రకం ఉంది. ఏదన్న ప్రోగ్రాం ఎక్కించబోతే తెరంతా మసకబారి నడుమ ఒక డబ్బా వస్తుంది. ఈ యాప్‌ను నీ మిషన్‌లో మార్పులు చేయనిస్తవా అని అడుగుతుంది. విండోస్‌లో ఇది 2007లో విస్టాతో వచ్చింది. అంతకుముందు ఎక్స్‌పీ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటరే. వాడు తెచ్చుకున్న వైరస్ కూడ అడ్మినిస్ట్రేటరే. తెర మసకబారేది ఊరికే కాదు. ఆ సమయంలో వేరే ఏ ప్రోగ్రామూ దొంగచాటుగా నీ తరఫున 'యెస్' నొక్కకుండ కట్టిన దడి అది. డబ్బాలో ఆ ప్రోగ్రాం ఎవరు తయారుచేసిండ్రో పేరుంటుంది. పేరు తెలవదని ఉంటే ఆగాలి. ఎక్కించాలనుకున్నది మనమేనా, మనం అడగకుండనే లేచిందా అని చూడాలి. మనం అడగందే లేచిన డబ్బాకు జవాబు ఒక్కటే, 'నో'.

ఇందులో ఇంకో మెలిక. అడ్మినిస్ట్రేటర్‌గా కూర్చున్నవాడిని అది ఔనా, కాదా అని మాత్రమే అడుగుతుంది. మామూలు యూజర్‌గా కూర్చున్నవాడిని అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు అడుగుతుంది. నా సెంటర్లో పిల్లలందరిదీ మామూలు అకౌంటే. పాలిటెక్నిక్ చదివే తమ్ముడొకడు బొమ్మలు గీసే ప్రోగ్రాం ఎక్కించబోతే ఈ డబ్బా లేచింది. వాడు దాన్ని శానసేపు చూసి అడిగిండు: "అన్నా, ఇది నన్నడుగుతున్నదా, నిన్నడుగుతున్నదా?"

ఆ ప్రశ్న నన్ను రాత్రి పండనియ్యలేదు. కుర్చీల ఉన్నది వాడు. పని వాడిది. పైసలు కట్టింది వాడు. అడిగేది మాత్రం ఇంకొకరిని. ఊర్ల పటేలు ఉన్నట్టే మిషన్‌ల అడ్మినిస్ట్రేటర్. అయితే తేడా ఒకటుంది. పటేలుతనం పుట్టుకతో వచ్చేది, అడ్మినిస్ట్రేటర్‌గిరి పనితో వచ్చేది. నలుగురు వాడే మిషన్‌ను ఒకరు కాపాడక తప్పదు. కాబట్టి నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నా. పాస్‌వర్డు నేనే కొడతా. కొట్టేముందు డబ్బాలో ఏమున్నదో ఆ పిల్లగానితోనే పైకి చదివిస్తా. ఏం అడుగుతున్నదో, ఎందుకు ఇస్తున్ననో, లేకపోతే ఎందుకు ఇయ్యనో చెప్తా. మా తాతకు ఆ గుమాస్తా చెయ్యనిది అదే.

చదివించడం దగ్గర భాష అడ్డమొస్తుంది. డబ్బాలన్నీ ఇంగ్లీషు. తెలుగులోకి మార్చుకునే వీలుంది. మారిస్తే వచ్చే తెలుగు మా గల్లీ తెలుగు కాదు. "అన్నా, ఇంగ్లీషే నయముండె" అన్నడొకడు. మన పేర్లూ మన మాటలూ వేరేవాళ్లు పెడితే ఇట్లనే ఉంటది. ఈ హైదరాబాదు బిడ్డే భాగ్యరెడ్డి వర్మ. ఆయన అధ్యక్షుడిగా 1917లో బెజవాడలో జరిగిన సభ, పంచములన్న పేరును తోసేసి ఆది ఆంధ్రులమని తమ పేరు తామే పెట్టుకుంది. దానికి ఎవరి ఇజాజతూ అడగలేదు. అందుకే నేను గోడ మీద చార్టు రాసి పెట్టిన. 'అలవ్' అంటే 'రానియ్యి'. 'బ్లాక్' అంటే 'రానియ్యకు'. ఉర్దూలో గూడ రాయించిన. అది చదివిన ముసలమ్మలు గూడ బటను సరిగ్గ చూపిస్తున్నరు.

ఆ చెల్లె సంగతి మిగిలి ఉంది. పరీక్ష గట్టెక్కింది. తర్వాత ఇంటర్వ్యూ. ఆ రోజు నా సెంటర్లో జాగ లేదు. ఎవరిదో లాప్‌టాప్ అడుక్కొచ్చుకొని ఇంట్లనే కూర్చోవాలె. వాళ్లది ఒక్కటే అర్ర. వంట అక్కడే, పడక అక్కడే. కెమెరా ఎటు తిప్పినా ఏదో ఒకటి కనబడుతుంది. అమ్మ పనికి ఏసుకుపోయే జాకెటు, మూలన చీపురు, గోడ మీద బాబాసాహెబ్ ఫోటో. ముందురోజు వచ్చి మెల్లగ అడిగింది. "అన్నా, ఫోటో కనబడతది. అమ్మ తియ్యమంటున్నది. తియ్యాల్నా?"

కెమెరాకు ఇజాజత్ ఇచ్చుడంటే మొఖానికి ఇచ్చుడు మాత్రమే కాదు. ఇంటికి ఇచ్చుడు. మొఖం చూసి కులం అంత తొందరగా చెప్పలేనోడు గోడ చూసి చెప్తడు. పెద్దింటి పిల్లకు వెనక పుస్తకాల బీరువా ఉంటది. ఆమెకు ఈ ప్రశ్నే రాదు. నేను చెప్పింది ఇంతే. వెనకదంతా మసక చేసే బటను ఆ ప్రోగ్రాంలో ఉంది. అది ఎక్కడుందో చూపిస్తా. నొక్కుడు, నొక్కకపోవుడు నీ ఇష్టం. నీ ఇల్లు, నీ గోడ.

ఆమె నొక్కలేదు. "ఉండనిచ్చిన అన్నా" అని చెప్పింది తర్వాత. సీటు వచ్చిందా అని అడుగుతారు. వచ్చింది. రాకపోయినా ఆ ఫోటో ఆ గోడ మీదే ఉండేది.

చట్టం ఏమంటున్నదో కార్యకర్తలు తెలుసుకోవాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందై ఉండాలి, తెలిసి ఇచ్చిందై ఉండాలి, షరతులు లేనిదై ఉండాలి అని రాసుకున్నారు. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలన్నారు. తెలుగులో, ఉర్దూలో, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా అడిగించుకునే హక్కు ఉందన్నారు. మంచిదే. కెమెరా ఇవ్వకపోతే పరీక్షే లేదు అన్నప్పుడు ఆ చెల్లె నొక్కిన 'అలవ్' స్వేచ్ఛా? రెండు బస్తాల జొన్నల ముందు తాత వేసిన నిశాని ఎంత స్వేచ్ఛో ఇదీ అంతే. అదే చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దారి కూడ పెట్టుకుంది.

డబ్బాలే లేవని కెమెరాలు కూడ ఉన్నయి. 2021 మే నెల లాక్‌డౌన్‌లో ఇదే పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి మాస్కు తియ్యమన్నారు. ఆయన తియ్యలేదు. అయినా ఫోటో తీశారు. ఆయన ఊరుకోలేదు. ముఖ గుర్తింపు యంత్రాలకు చట్టం అండ ఏదని తెలంగాణ హైకోర్టుకు పోయాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. నా సెంటర్లో వెయ్యి రూపాయల కెమెరా పిల్లను ఇజాజత్ అడుగుతుంది. బజారు కెమెరా అడగదు. ముస్లిం గల్లీలోనూ, మా గల్లీలోనూ అదే నడుస్తుంది. ఈ రెండు గల్లీల మధ్య గోడలు కట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. తెలవాల్సింది మనకు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. డబ్బా లేస్తే చేతిని ఒక్క గడియ ఆపండి. ఎవరు అడుగుతున్నరో చదవండి. ఏం అడుగుతున్నరో చదవండి. మీరు చెయ్యబోయే పనికి అది అవసరమా అని చూడండి. వీడియో మాట్లాడనీకి కెమెరా అవసరం. పాట విననీకి కెమెరా ఎందుకు? పని అయినంక లోపలికి పోయి ఇచ్చింది వెనక్కి తీసుకోండి. డెస్క్‌టాప్‌తో ఒక సుఖముంది, అనుమానమొస్తే కెమెరా వైరు పీకెయ్యండి. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కొన్ని ఆ స్విచ్చుల మాట వినకుండానే కెమెరా వాడుకోగలవని విండోస్ చేసినవాళ్లే చెప్తున్నరు. వైరు మాట వినని ప్రోగ్రాం లేదు. మీకు రావాల్సింది రాకపోతే ఒక తలుపు చూసి వెనక్కి రాకండి. ఆఖరి స్విచ్చు దాక పోండి.

'కాదు' అనుడు నేర్చుకోండి. 'ఔను' అనుడు మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. అది తాతల నాటి నుంచి మన వేళ్లకు అంటుకొనే ఉన్నది.